ఇంట కుట్టిన రాణి వేషం

తువ్వాలును తలకు చుట్టుకొని తాను తాతనని చెప్పుకొనే మూడేళ్ళ బాలుడు, అమ్మ కొంగును భుజాన వేసుకొని గోడలకు పాఠాలు చెప్పే బాలిక ఎవరి దగ్గరా నటన నేర్చుకోలేదు. వేషం వేయడం బాల్యానికి సహజ లక్షణం. మరొకరి వలె నడిచి, మరొకరి వలె మాట్లాడి, ఆ మనిషి మనసులో క్షణకాలం నివసించి రావడం ద్వారా పిల్లలు లోకాన్ని తెలుసుకొంటారు. పెద్దలు దానిని ఆట అంటారు. నిజానికి అది పిల్లల తొలి చదువు.

తెలంగాణ పల్లెలకు వేషం కొత్త కాదు. రోజుకొక రూపంతో ఊరూరా తిరిగిన పగటి వేషగాళ్ళు, రాత్రంతా పురాణగాథలను ఆడిపాడిన చిందు కళాకారులు మన జానపద కళకు ప్రాణం పోశారు. చిందు కళాకారులు తేలికైన చెక్కతో కిరీటాలు, భుజకీర్తులు చేసుకొని, వాటికి రంగులు పూసి, అద్దపు బిళ్ళలు పొదిగేవారు. వేషాన్ని తయారుచేయడం కూడ ఆ కళలో అంతర్భాగమే. కిరీటం చెక్కిన చేతికే కిరీటం బరువు తెలుస్తుంది.

ఈనాడు ఆ బంధం తెగిపోతున్నది. నవంబరు 14న బాలల దినోత్సవం వస్తున్నదంటే పాఠశాలల్లో వేషధారణ పోటీలు మొదలవుతాయి. 'రేపటికి మీ పాపను రాకుమారిగా తయారుచేసి పంపండి' అని ఒక చీటీ ఇంటికి వస్తుంది. తండ్రి పట్టణానికి పరుగెత్తి అద్దె దుస్తుల దుకాణంలో ఒక గౌను తెస్తాడు. అది మెరిసే కృత్రిమ వస్త్రంతో కుట్టినది. గరుకైన వల మెడ దగ్గర గుచ్చుకొంటుంది. ఎవరి కొలతలకో కుట్టినది కనుక పాప భుజాల మీది నుంచి జారిపోతుంది. మరునాడు మరక పడకుండ తిరిగి ఇవ్వవలసినది కనుక పాపను కూర్చోనివ్వరు, పరుగెత్తనివ్వరు, కడుపునిండ తిననివ్వరు. సాయంత్రానికి గౌను దుకాణానికి చేరుతుంది, ఛాయాచిత్రం ఇంట్లో మిగులుతుంది. ఆ పాప ఎవరి వేషం వేసిందో, ఆ రాకుమారి ఏ దేశానిదో, ఏం చేసిందో అడిగితే ఆమెకు తెలియదు. తెలిసే అవకాశమే ఆమెకు ఎవరూ ఇవ్వలేదు.

ఇక్కడ రెండు నష్టాలు జరుగుతున్నాయి. అద్దె డబ్బు చెల్లించగలిగిన ఇంటి పిల్ల వేదిక మీద మెరుస్తుంది, చెల్లించలేని ఇంటి పిల్ల ఆనాడు జ్వరమని చెప్పి బడి మానుకొంటుంది. ఆనందం కోసం పెట్టిన పోటీ తల్లిదండ్రుల సంపాదనను నలుగురిలో కొలిచే తూనికగా మారడం మొదటి నష్టం. చేతితో చేయడంలోని ఆనందానికి, చేసినదాని వెనుకనున్న కథకు బిడ్డ దూరం కావడం రెండవ నష్టం. ఈ రెండింటికీ ఒకే మందు ఉన్నది. వేషాన్ని ఇంట్లోనే, ఉన్న వస్తువులతో, పిల్లల చేయి కూడ కలిపి తయారుచేయడమే ఆ మందు.

రాకుమారి అనగానే నేటి బాలికల మనసులో మెదిలే రూపం ఎక్కడిది? నీలిరంగు గౌను, బంగారు జుట్టు, గాజు పాదరక్షలు - ఇవన్నీ పాశ్చాత్య కథల నుంచి, అంతకంటె ఎక్కువగా వాటిపై తీసిన చలనచిత్రాల నుంచి వచ్చినవి. 1697లో ఫ్రెంచి రచయిత చార్లెస్ పెర్రో ప్రచురించిన సిండ్రెల్లా కథను డిస్నీ సంస్థ 1950లో చిత్రంగా తీసింది. 2013లో అదే సంస్థ నుంచి వచ్చిన 'ఫ్రోజెన్' చిత్రం తరువాత మంచురాణి గౌను దేశదేశాల బాలికలకు కలల వస్త్రమయింది. ఈ కథలను ద్వేషించవలసిన పని లేదు. మంచి కథకు ఎల్లలు ఉండవు. అయితే 1950 నాటి ఆ చిత్రంలోని ఒక విశేషాన్ని మాత్రం మనం గమనించాలి. విందుకు వెళ్ళడానికి సిండ్రెల్లాకు మొదట సిద్ధమైన గౌను మాయాగౌను కాదు. అది చనిపోయిన తల్లి పాత గౌను. ఆమె చెలిమి చేసిన ఎలుకలు, పిట్టలు దానిని సరిదిద్ది కుడతాయి. సవతి అక్కలు దానిని చించివేసిన తరువాతనే మాయాగౌను వస్తుంది. అర్ధరాత్రి గంట కొట్టగానే ఆ మాయ కరిగిపోతుంది. అద్దె గౌను కూడ అటువంటిదే. గడువు తీరగానే మాయమవుతుంది. అమ్మ పాత చీరతో కుట్టిన దుస్తులకు గడువు లేదు.

మనకు రాణులు లేరా? కథల్లోనే కాదు, చరిత్రలోనే ఉన్నారు. కాకతి గణపతిదేవ చక్రవర్తి కుమార్తె రుద్రమదేవి 13వ శతాబ్దిలో ఓరుగల్లు సింహాసనాన్ని అధిష్ఠించింది. శాసనాలు ఆమెను రుద్రదేవ మహారాజు అని పురుషనామంతో పేర్కొన్నాయి. తండ్రి ఆమెను కుమారుని వలె పెంచాడని, ఆమె పురుషవేషంలో కొలువుతీరేదని చరిత్రకారులు చెబుతారు. వేషం గురించి మాట్లాడుకొనే మనకు ఇది ఎంతో ఆలోచించదగిన విషయం. పాలించే శక్తి ఆమెలో ఉన్నది. అయినా ఆ శక్తిని లోకం గుర్తించడానికి ఆమెకు మగవాని పేరు, మగవాని ఉడుపు కావలసివచ్చాయి. స్త్రీ పాలనను అంగీకరించని సామంతులను అణచి ఆమె రాజ్యాన్ని నిలబెట్టింది.

ఆ మహారాణి జీవితం ముగిసిన వృత్తాంతాన్ని మనకు తెలిపిన శాసనం నల్లగొండ జిల్లాలోనే ఉన్నది. నకిరేకల్ సమీపంలోని చందుపట్ల గ్రామంలో లభించిన ఆ శాసనం 1289 నవంబరు 27 నాటిది. రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకాన్ని చేరగా, వారికి పుణ్యం కలగాలని పువ్వుల ముమ్మడి అనే సేవకుడు సోమనాథదేవునికి భూమిని దానం చేసినట్లు అందులో ఉన్నది. ఒక సామాన్య సేవకుడు వేయించిన రాయి లేకపోతే ఆ మహారాణి మరణకాలం మనకు ఇంత స్పష్టంగా తెలిసేది కాదు. బాలల దినోత్సవం గడచిన పదమూడు రోజులకు ఆ తేదీ వస్తుంది. నకిరేకల్ పరిసరాల బడిలో చదివే బాలికకు మంచురాణి పేరు తెలిసి, తన ఊరి పక్కనే శిలపై నిలిచిన రాణి పేరు తెలియకపోతే ఆ లోటు బాలికది కాదు, మనది.

పాలమూరు సీమకు కూడ రాణులు ఉన్నారు. గద్వాల సంస్థానాన్ని 20వ శతాబ్ది పూర్వార్ధంలో మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పాలించింది. ఆ రాజరికాలు గతించాయి. గతించడం మంచిదే. వనపర్తి సంస్థానాధీశుల రాజభవనంలో 1959లో పాలిటెక్నిక్ కళాశాల వెలసి, రైతుకూలీల బిడ్డలు ఆ గదులలో సాంకేతిక విద్య నేర్చుకొన్నారు. ప్రజాస్వామ్యంలో పుట్టిన బాలికకు రాణి వేషం వేయించడంలో అర్థమేమిటని ఎవరైనా అడగవచ్చు. నగల కోసం, సింహాసనం కోసం అయితే అర్థం లేదు. భయపడకుండ నిలబడడం, నలుగురి బాధ్యతను తన తలకెత్తుకోవడం రాణి లక్షణాలని బిడ్డకు చెప్పగలిగితే ఆ వేషానికి అర్థం ఉన్నది.

ఇక వస్త్రం మాట. రాణి వేషానికి దుస్తులు వెదుక్కొంటూ హైదరాబాదు వెళ్ళవలసిన అగత్యం ఈ ప్రాంతానికి లేదు. 13వ శతాబ్ది చివర కాకతీయ రాజ్యంలోని మోటుపల్లి రేవును గురించి వ్రాసిన ఇటలీ యాత్రికుడు మార్కోపోలో, అక్కడి నూలువస్త్రాల సన్నదనాన్ని సాలెగూటితో పోల్చి ప్రశంసించాడు. ఆ నేతకు నేటి వారసులు మన ఇరుగుపొరుగున ఉన్నారు. ఒకనాటి నల్లగొండ జిల్లాలోని పోచంపల్లి, పుట్టపాక గ్రామాలు 2016 నుంచి యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉన్నాయి. ఒకనాటి మహబూబ్‌నగర్ జిల్లాలోని గద్వాల 2016లో, నారాయణపేట 2019లో జిల్లా కేంద్రాలయ్యాయి. జిల్లాల పేర్లు మారినా మగ్గాల చప్పుడు మారలేదు. నూలు ఒడలికి పట్టు అంచును నేతలోనే కలపడం గద్వాల నేర్పు. చిన్నచిన్న గళ్ళు, గుడిగోపురాన్ని తలపించే అంచు నారాయణపేట చీర గుర్తులు. పోచంపల్లిలో నేతకు ముందే నూలుపోగులను లెక్కప్రకారం గట్టిగా కట్టి రంగులో ముంచుతారు. కట్టిన చోట రంగు అంటదు. కట్లు విప్పి, మళ్ళీ కట్టి, మరొక రంగులో ముంచుతారు. అలా పోగులలో దాగిన బొమ్మ మగ్గం మీద వరుసవరుసగా బయటపడుతుంది. ఈ విద్యకు 2005లో భౌగోళిక గుర్తింపు లభించింది.

ఈ సీమలో అమ్మమ్మ పెట్టెలో ఒక పాత నారాయణపేట చీర ఉండని ఇల్లు అరుదు. చిరిగిన భాగాన్ని తీసివేయగా రెండున్నర మీటర్ల గట్టి గుడ్డ మిగిలితే చాలు, రాణి పరికిణీ సిద్ధమైనట్లే. చీర వెడల్పు సుమారు 46 అంగుళాలు. దానిని పొడుగునా మధ్యకు మడిస్తే 23 అంగుళాలవుతుంది. ఐదేళ్ళ పాప నడుము నుంచి చీలమండ వరకు ఇంచుమించు అంతే ఉంటుంది. పాప పొడగరి అయితే పైపొరను కొంత ఎక్కువగా, లోపలి పొరను కొంత తక్కువగా మడవవచ్చు. మడత పైకి, అంచులు కిందికి ఉండాలి. మడత నుంచి అంగుళం కిందుగా ఒక వరుస కుట్టు వేస్తే నాడా దూర్చడానికి దారి ఏర్పడుతుంది. కొసలు రెండూ కలిపి కుట్టి, నాడా బిగిస్తే కుచ్చులు వాటంతట అవే వస్తాయి. కింద చీర అంచే ఉన్నది కనుక మళ్ళీ మడిచి కుట్టవలసిన పని లేదు. కుట్టుయంత్రం లేకపోయినా సూది, దారం, రెండు సాయంకాలాలు చాలును.

కిరీటానికి దారంతో పాప తల చుట్టుకొలత తీసుకోవాలి. ఈ వయసు పిల్లలకు అది దాదాపు 20 అంగుళాలు ఉంటుంది. ఒక అంగుళం అదనంగా కలిపి అట్టను కత్తిరించి, మైదాపిండి ఉడికించిన జిగురుతో బంగారు రంగు కాగితం అతికించాలి. ప్రతి ఇంట్లోను పాత పెళ్ళి శుభలేఖలు ఉంటాయి. వాటి మీది మెరిసే పూలు, లతలు కత్తిరిస్తే అవే రత్నాలు. లోపలివైపు మెత్తని నూలుగుడ్డ అతికిస్తే నుదురు ఒరుసుకోదు. మూల పడిన చాటకు ఎర్రగుడ్డ చుడితే డాలు, మొనను గుండ్రంగా కత్తిరించిన అట్టముక్కకు వెండికాగితం చుడితే ఖడ్గం. గుండుసూదులు వాడకపోవడం, దీపాలకు దూరంగా ఉంచడం అవసరం. నూలు కూడ మండుతుంది. కృత్రిమ వస్త్రమయితే కరిగి ఒంటికి అంటుకొంటుంది.

ఈ పనిలో ముఖ్యమైన నియమం ఒకటి ఉన్నది. రత్నాలు అతికించేది పాప చేయే కావాలి. అవి వంకరగా ఉండవచ్చు, జిగురు చుట్టూ మరకలు పడవచ్చు. పెద్దలు వాటిని పీకి సరిచేయరాదు. బొడ్డెమ్మ పండుగనాడు పుట్టమన్నుతో గద్దెలు పేర్చే బాలికలు, గునుగుపూలకు రంగులద్ది బతుకమ్మను పేర్చడంలో తల్లికి పూలు అందించే చిన్నారులు చేసేది ఇదే. బతుకమ్మ ఎంత వంకరగా ఉన్నా తాము పేర్చినదే తమకు ముద్దు. చేతులకు పని ఇచ్చి చదువు నేర్పాలని 1937లో వార్ధాలో గాంధీజీ ప్రతిపాదించిన విద్యావిధానంలోని సారం కూడ ఇటువంటిదే. వేలు కదిలిన చోట బుద్ధి వికసిస్తుంది. కుట్టేటప్పుడు అమ్మమ్మ ఆ చీర కొన్న సంగతి చెబుతుంది, అన్న రుద్రమ కథ చెబుతాడు, పాప అడిగిన ప్రశ్నలకు అందరూ జవాబులు వెదుక్కొంటారు. రెండు సాయంకాలాలలో ఆ ఇల్లే ఒక పాఠశాల అవుతుంది.

దీనికి ఒక బలమైన ఆక్షేపణ ఉన్నది. 'ఇవన్నీ వినడానికి బాగున్నాయి. కాని చేసేది ఎవరు? చివరికి తల్లే కదా!' అన్న ప్రశ్నను తోసివేయలేము. నవంబరు నెలలో ఈ పల్లెలలో పత్తి ఏరుతారు. తెల్లవారకముందే చేనికి వెళ్ళి, పొద్దు గుంకిన తరువాత వచ్చి, పొయ్యి రాజేసే తల్లికి మరునాటి ఉదయానికి రాణి వేషం కుట్టమనడం క్రూరత్వం. ఆమెకు అద్దె గౌనే సులభమనిపిస్తే తప్పు ఆమెది కాదు. చేతిపనిని కీర్తిస్తూ చేతుల నొప్పిని మరచిపోయేవారు చేతిపనిని గౌరవించినవారు కారు.

ఇందుకు మన ప్రాంతంలోనే ఒక ఉజ్జ్వలమైన నిదర్శనం ఉన్నది. నాటి నల్లగొండ జిల్లా, ఆలేరు సమీపంలోని శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం చేనేత కుటుంబంలో పుట్టాడు. చీర నేతకు ముందు చేసే ఆసు పనిలో చేయి వేల పర్యాయాలు ఇటు నుంచి అటు తిరగాలి. ఆ పనితో తల్లి లక్ష్మి భుజాలు, మోచేతులు నొప్పులతో అలమటించడం చూసి, పెద్ద చదువులు లేకపోయినా ఏళ్ళ తరబడి శ్రమించి 1999లో ఆసు యంత్రాన్ని పూర్తిచేశాడు. దానికి తల్లి పేరే పెట్టాడు. 2017లో భారత ప్రభుత్వం ఆయనను పద్మశ్రీతో సత్కరించింది. మల్లేశం నేతను విడిచిపెట్టలేదు. తల్లిని నొప్పికి విడిచిపెట్టనూ లేదు. బరువును పంచుకొనే ఉపాయం కనిపెట్టాడు. ఇంట కుట్టే వేషం విషయంలోను మనం చేయవలసినది అదే. తండ్రి అట్ట కత్తిరించవచ్చు, అన్న జిగురు ఉడికించవచ్చు, అక్క కుట్టు వేయవచ్చు, తాత కథ చెప్పవచ్చు. తల్లి ఒక్కతే మేలుకొని కుట్టిన వేషం అద్దె వేషం కంటె గొప్పదని నేను అనలేను.

పాఠశాలలకు కూడ ఇందులో బాధ్యత ఉన్నది. ముందురోజు చీటీ పంపే అలవాటు మాని, కనీసం రెండు వారాల ముందు తెలియజేయాలి. వేషంలో కొంత భాగాన్ని తరగతిలోనే, పిల్లలందరూ కలిసి తయారుచేయాలి. అప్పుడు ఇంట్లో తీరిక లేని తల్లుల బిడ్డలు వెనుకబడరు. బహుమతిని నిర్ణయించేవారు మెరుపును చూడడం మాని మూడు ప్రశ్నలు అడగాలి: నీవు ఎవరివి? ఆమె ఏం చేసింది? ఈ వేషంలో నీ చేతితో చేసినది ఏది? ఈ మూడింటికి సమాధానం చెప్పగలిగిన బిడ్డ గోనెగుడ్డ కట్టుకొన్నా రాణియే. సిండ్రెల్లానే ఇష్టపడే పాప ఉంటే ఆమెను మందలించవలసిన అవసరమూ లేదు. అమ్మ నీలిరంగు చీరతో ఆమెకు గౌను కుట్టవచ్చు. ఎవరి కథ అన్నది బాలిక ఎంచుకొంటుంది. ఎంచుకోవడానికి ముందు ఆమెకు రుద్రమ కథ కూడ తెలియాలన్నదే మన కోరిక.

జూనియర్ కళాశాలలో చదివే మీలో చాలామందికి ఇంట్లో ఒక చెల్లెలో, అక్క బిడ్డో, పక్కింటి చిన్నారో ఉంటుంది. కొలత తీయడం, లెక్క కట్టడం, చరిత్ర చదివి చెప్పడం మీకు వచ్చిన విద్యలే. ఆ విద్యలు పరీక్ష కాగితం మీదనే ఆగిపోవలసిన పని లేదు. ముఖ్యంగా యువకులు సూది పట్టడానికి సిగ్గుపడరాదు. మగ్గం మీద కూర్చొన్న చేతులలో మగచేతులు ఉన్నాయి, బట్టలు కుట్టే దర్జీలలో మగవారు ఉన్నారు. ఇంట్లో సూది పట్టడమే ఆడపని ఎట్లా అవుతుంది?

ఏడువందల ఏళ్ళ క్రితం ఒక స్త్రీ రాజ్యం ఏలడానికి పురుషవేషం ధరించవలసివచ్చింది. నేడు ఆమె పేరు తలచుకొని ఒక చిన్నారి తన సొంత రూపంతో, అమ్మమ్మ చీరతో, తాను రత్నాలు అతికించిన కిరీటంతో వేదిక ఎక్కి 'నేను రుద్రమను' అని గొంతెత్తి చెప్పగలదు. ఈ రెండు వేషాల మధ్య ఉన్న దూరమే స్త్రీజాతి నడిచివచ్చిన దూరం. నడవవలసినది ఇంకా ఉన్నది. వేదిక దిగి, కిరీటం తీసిన తరువాత కూడ ఆ పాప ఇంట్లోను, బడిలోను, వీధిలోను అంతే ధైర్యంగా మాట్లాడగలిగిననాడు మనం కుట్టిన కుట్టు నిలిచినట్లు.